బిజినెస్ స్కూలు దరఖాస్తు వ్యాసం: ముందు తెలుగులో, తరువాత ఇంగ్లీషులో

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి బిజినెస్ స్కూళ్లకు దరఖాస్తు చేసుకునే యువతీయువకులు చదివిపెట్టమని నాకిచ్చే చిత్తుప్రతులలో రెండు లోపాలు పదేపదే కనిపిస్తాయి. కొందరి వ్యాసంలో ఊరన్నదే ఉండదు. ఆ నాలుగు వందల మాటలూ పుణెలోనో గురుగ్రామ్‌లోనో పుట్టి పెరిగిన ఎవరివైనా కావచ్చు. మరికొందరి వ్యాసంలో ఊరు తప్ప మరొకటి ఉండదు. వెనుకబాటు, వలస, తుఫాను, నాన్న పడ్డ కష్టం అన్నీ ఉంటాయి గాని, రాసిన మనిషి వాటి మధ్య నిలబడి ఏం చేశారన్నది మాత్రం ఉండదు. దరఖాస్తులు చదివేవారు వెతికేది ఈ రెండూ కాదు. ఫలానా పరిస్థితిలో మీ ముందు ఏయే దారులున్నాయి, వాటిలో ఒకదాన్ని ఎందుకు ఎంచుకున్నారు, ఫలితం ఏమైంది, ఆ తరువాత మీ పద్ధతిలో ఏం మారింది అన్నవే వారికి కావాలి. కాబట్టి వ్యాసానికి నడిమి స్తంభం మీరు తీసుకున్న ఒక నిర్ణయం. ఊరూ ఇల్లూ ఉద్యోగమూ ఆ నిర్ణయం అర్థం కావడానికి ఎంత అవసరమో అంతవరకే రావాలి.

రాయడం మొదలుపెట్టే ముందు ఏ కోర్సుకు ఏ రకం రాత అవసరమో తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ విషయంలో మన ప్రాంతంలో గందరగోళం ఎక్కువ. క్యాట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాసి ఐఐఎంలలో రెండేళ్ల కోర్సుకు వెళ్లేవారికి దరఖాస్తు వ్యాసాల బరువు తక్కువ. కొన్ని ఐఐఎంలు ఇంటర్వ్యూతో పాటు అక్కడికక్కడ ఒక అంశం ఇచ్చి రాయించే పరీక్ష వేరు, దాని సాధన వేరు. కొన్నేళ్లు ఉద్యోగం చేసిన తరువాత చేరే కోర్సులకే వ్యాసాలు ప్రధానమవుతాయి. 2001లో హైదరాబాదులో మొదలైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ఏడాది కోర్సుకు వ్యాసాలు అడుగుతుంది. విదేశీ స్కూళ్లు దాదాపు అన్నీ అడుగుతాయి. స్టాన్‌ఫర్డ్ బిజినెస్ స్కూలు, మీకు అన్నిటికంటే ముఖ్యమైనది ఏది, ఎందుకు అని ఎన్నో ఏళ్లుగా అడుగుతూనే ఉంది. హార్వర్డ్ 2024లో తన పాత ప్రశ్నను పక్కనబెట్టి మూడు చిన్న వ్యాసాలు పెట్టింది: వృత్తి ఎంపికల గురించి 300 మాటలు, ఇతరులను నడిపించిన తీరు గురించి 250, కుతూహలం మీ ఎదుగుదలకు ఎలా తోడ్పడిందన్న దానిపై మరో 250. ఫ్రాన్స్‌లోని ఇన్సియాడ్ స్కూలు మీ బలాలతో పాటు బలహీనతలను కూడా దాపరికం లేకుండా రాయమంటుంది. ప్రశ్నలు, మాటల పరిమితులు ఏటా మారుతుంటాయి గనుక, నిరుడు చేరిన సీనియరు ఇచ్చిన ప్రశ్నలను నమ్ముకోకుండా ఆ ఏటి దరఖాస్తును తెరిచి చూసుకోవడం తప్పనిసరి. మరో మాట: 2024 నుంచి, బిజినెస్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష అయిన జీమ్యాట్‌లో వ్యాస విభాగం లేదు. కాబట్టి మీరు ఎలా ఆలోచించి ఎలా రాస్తారో స్కూలుకు చూపించే భారం దరఖాస్తు వ్యాసాలపైనే మరింతగా పడుతుంది.

ఇక పని. నా మొదటి సలహా చాలామందికి వింతగా తోస్తుంది: ఇంగ్లీషులో ఒక్క వాక్యం కూడా రాయకముందు ఆ సంగతిని తెలుగులో, అది కూడా మీ ఇంటి తెలుగులో, మీ అప్పకో (అక్కకో) మేనమామకో చెప్పండి. చెబుతున్నప్పుడు ఫోనులో రికార్డు చేసుకోండి. ఇంగ్లీషులో నేరుగా కూర్చున్నప్పుడు మన చేతికి ముందుగా వచ్చేవి మన మాటలు కావు. కాలేజీ ప్లేస్‌మెంట్ శిక్షణలో బట్టీ పట్టిన ప్యాషన్, డైనమిక్, ఛాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్ వంటివి. అదే సంగతి అప్పకు చెప్పేటప్పుడు ఆ మాటలు నోట రావు. పైగా ఆమె ఊరుకోదు. మీరు కంపెనీ గురించి రెండు నిమిషాలు చెప్పగానే, "అవన్నీ సరేగాని, మరి నువ్వేటి చేసినావు?" అంటుంది. అడ్మిషన్ కమిటీ అడిగే ప్రశ్న కూడా సరిగ్గా అదే. ఆ తరువాత ఆమె "మీ మేనేజరు ఒప్పుకున్నాడేటి?" అంటే మీ కథలో ఎదురైన అడ్డంకి బయటపడుతుంది, "తప్పయిపోతే ఏటి చేద్దువు?" అంటే మీరు మోసిన బాధ్యత ఎంతో తెలుస్తుంది. రికార్డును విని, ఆమె ఆపి అడిగిన చోట్లన్నీ కాగితం మీద గుర్తు పెట్టుకోండి. వ్యాసం ఉండవలసింది ఆ చోట్లలోనే.

ఒక ఉదాహరణ తీసుకుని ఇది ఎలా సాగుతుందో వివరంగా చూద్దాం. శ్రీకాకుళం జిల్లా పలాసలో చిన్న జీడిపప్పు పరిశ్రమ నడిపే కుటుంబంలోని ఒక యువకుడు దరఖాస్తు చేస్తున్నాడని అనుకుందాం. అతని తొలి చిత్తుప్రతి దాదాపు ఇలా ఉంటుంది: పలాస జీడిపప్పుకు ప్రసిద్ధి చెందింది; 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతపు తోటలను నేలమట్టం చేసింది; చిన్ననాటి నుంచి వ్యాపార వాతావరణంలో పెరగడం వల్ల తనకు వ్యాపారమంటే మక్కువ; తండ్రి కష్టం చూసి పట్టుదల నేర్చుకున్నాడు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. తిత్లీ 11వ తేదీ తెల్లవారుజామున పలాస దగ్గరే తీరం దాటింది, జీడి చెట్లూ కొబ్బరి చెట్లూ వేళ్లతో సహా కూలిపోయిన మాట వాస్తవం. అయినా ఈ వ్యాసం చదివినవారికి పలాస గురించి కొంత తెలుస్తుంది, తుఫాను గురించి కొంత తెలుస్తుంది, అతని గురించి ఏమీ తెలియదు.

ఇప్పుడు అప్ప అడిగే ప్రశ్న వేయాలి: తుఫాను తరువాత నువ్వేటి చేసినావు? అప్పుడు అసలు సంగతి బయటికి వస్తుంది. స్థానిక జీడి పిక్కలు (పప్పు తీయని గింజలు) తగ్గిపోవడంతో ఆఫ్రికా నుంచి దిగుమతయ్యే పిక్కలు కొనడమా, ఒక సీజను బట్టీ ఆపేయడమా అన్నది ఇంట్లో తేలలేదు. ఒక్క పరిశ్రమ కొనగలిగినంత చిన్న సరుకు దిగుమతిదారు ఇవ్వడు గనుక, పక్కనున్న మరో మూడు పరిశ్రమలతో కలిసి ఒకే లాటు కొందామని అతను ప్రతిపాదించాడు. తండ్రికి అది నచ్చలేదు. పోటీదారులకు మన లెక్కలు తెలిసిపోతాయన్నది ఆయన భయం. అయినా ఒప్పించాడు. పిక్కల నాణ్యతను 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుందన్న లెక్కతో కొలుస్తారు. ఏజెంటు 48 అన్నాడు, బట్టీలో పగలగొట్టి చూస్తే 43 మాత్రమే దిగింది. నలుగురికీ నష్టం వచ్చింది. రెండోసారి కొనేముందు ప్రతి లాటు నుంచి కొన్ని పిక్కలు తీసి, కోసి, తూచి చూసే పద్ధతిని అతను నలుగురి సమక్షంలో పెట్టించాడు. ఆ లెక్క రాసే పుస్తకాన్ని తన దగ్గర ఉంచుకోకుండా నలుగురి దగ్గరా తిరిగేలా చూశాడు.

వ్యాసం ఇదే. తుఫానుకు ఒక్క వాక్యం చాలు. పలాస ప్రసిద్ధి ప్రస్తావన అక్కర్లేదు. మక్కువ, పట్టుదల అనే మాటలు రాయకుండానే చదివేవారికి అవి తెలుస్తాయి. ముఖ్యంగా గమనించవలసింది ఏమిటంటే, అతను మొదటి చిత్తుప్రతిలో దాచిన రెండు విషయాలు, అంటే తండ్రితో వచ్చిన భేదాభిప్రాయమూ మొదటి లాటులో వచ్చిన నష్టమూ, ఇప్పుడు వ్యాసానికి ప్రాణమయ్యాయి. మన ఇళ్లలో తండ్రితో విభేదించిన సంగతి బయటివారికి చెప్పకూడదన్న మర్యాద ఒకటి ఉంది. ఆ మర్యాదను నేను గౌరవిస్తాను, కాని ఆయన భయానికి కారణం ఉందని ఒప్పుకుంటూ రాస్తే తండ్రి గౌరవానికి లోటేమీ రాదు. ఎదుటివారి వాదాన్ని అర్థం చేసుకోగల మనిషి అని మీ గురించి తెలుస్తుంది.

ఇక్కడే భాషకు సంబంధించిన ఒక చిక్కు ఉంది. చాలా వ్యాసాలు దీనివల్లనే బలహీనపడుతున్నాయి గనుక కాస్త ఆగి చెబుతాను. తెలుగులో మేము వేరు, మనం వేరు. మేము అన్నప్పుడు వినేవాడు బయట ఉంటాడు, మనం అన్నప్పుడు లోపల ఉంటాడు. ఇంగ్లీషులో రెంటికీ ఉన్నది 'వియ్' ఒక్కటే. దానికి తోడు, ఒంటరిగా చేసిన పనిని కూడా మేము చేశామని చెప్పుకోవడం మనకు వినయం. ఆ వినయాన్ని అలాగే ఇంగ్లీషులోకి దించితే, పని చేసింది మీరా, మీ జట్టా, మీ కంపెనీయా అన్నది చదివేవారికి అంతుచిక్కదు. అందుకని మీ చిత్తుప్రతిలోని ప్రతి 'వియ్' దగ్గరా ఆగి, అందులో ఎవరెవరున్నారో అంచున పేర్లు రాయండి. మీరొక్కరే ఉంటే 'ఐ' అని మార్చండి. నలుగురుంటే మీ వంతు ఏదో విడిగా చెప్పండి. రెండో అలవాటు ఆఫీసు కాగితాల నుంచి వచ్చింది: చేయడం జరిగింది, తీసుకోవడం జరిగింది అన్న ధోరణి. అది ఇంగ్లీషులోకి వెళ్తే కర్త మాయమైన వాక్యాలవుతాయి. నిర్ణయం తీసుకోవడం జరిగిందంటే తీసుకున్నది ఎవరు? వ్యాసం అంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు కావలసినప్పుడు కర్తను దాచే వాక్యం ఒక్కటి కూడా మిగలకూడదు.

విదేశీ స్కూళ్లకు రాసేవారు మరికొన్ని చూసుకోవాలి. లక్ష, కోటి అక్కడివారికి తెలియవు. డాలర్లలోకి మార్చండి, లేదా మొత్తంలో ఎంత భాగమో చెప్పండి. బ్యాక్‌లాగు, పాసవుట్, ఫ్రెషర్ వంటి మన ఇంగ్లీషు మాటలకు అక్కడ వేరే అర్థం ఉంటుంది, లేదా అసలు అర్థమే ఉండదు. డ్వాక్రా సంఘం, మండలం, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) లాంటివి తప్పనిసరైతే అరవాక్యంలో వివరించి ముందుకు సాగండి.

నాయకత్వం గురించి అడిగే ప్రశ్నకు మనవాళ్లు చాలామంది కాలేజీ ఫెస్టు నిర్వహణనో క్రికెట్ కెప్టెన్సీనో రాస్తారు, ఎందుకంటే నాయకత్వమంటే పదవి అనుకుంటారు. పదవి లేకుండా చేసిన పని తరచుగా మెరుగైన వ్యాసమవుతుంది. పైడిభీమవరంలోని ఒక మందుల కర్మాగారంలో పనిచేసే ఇంజినీరు అమ్మాయిని ఊహించుకోండి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే కాంట్రాక్టు కార్మికులు భద్రతా సూచనల కాగితంపై సంతకాలు పెడుతున్నారు గాని ఆ ఇంగ్లీషు చదవలేకపోతున్నారు. ఆమె ఆ సూచనలను వాళ్లు మాట్లాడే తెలుగులో, బొమ్మలతో తిరగరాసి, షిఫ్టు మొదట్లో పది నిమిషాలు చదివి వినిపించడం మొదలుపెట్టింది. మూడు నెలల్లో, ప్రమాదం తృటిలో తప్పిన సంఘటనల నమోదు నెలకు 2 నుంచి 11కు పెరిగింది. పై అధికారికి అది చెడ్డ వార్తగా తోచింది. పైకి పంపే నివేదికలో సంఖ్య తగ్గించమని సూచించాడు. సంఘటనలు పెరగలేదు, చెప్పే ధైర్యం పెరిగిందని ఆమె పాత షిఫ్టు రిజిస్టర్లతో పోల్చి చూపించి, 11నే పంపించింది. ఆమె కింద ఒక్క ఉద్యోగి కూడా లేరు. అయినా ఈ వ్యాసంలో నాయకత్వం ఉంది. సూచనలు తిరగరాయడం మంచి పని, కాని వ్యాసం నిలబడింది ఆ 11ని మార్చకుండా పంపిన చోట. 250 మాటలే ఇస్తే, అందులో సగం ఆ ఒక్క సంభాషణకు కేటాయించమని నేను చెబుతాను. ఇలాంటి సంగతి రాసేటప్పుడు కంపెనీ రహస్యాలు, మనుషుల పేర్లు బయటపెట్టకూడదు. హోదా చెబితే సరిపోతుంది.

లక్ష్యాల వ్యాసంలో ఎక్కువమంది పొరపాటు పడేది ఒకే చోట. కోర్సు తరువాత కొన్నేళ్లు పెద్ద కన్సల్టింగ్ సంస్థలో పనిచేసి, ఆపై సొంత జిల్లాకు తిరిగి వచ్చి వందలమందికి ఉపాధి కల్పిస్తానని రాస్తారు. ఆ కోరిక నిజమైనదేనని నాకు తెలుసు. ఈ జిల్లాల నుంచి మత్స్యకారులు బతుకుతెరువు కోసం గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లడం చూస్తూ పెరిగినవారికి ఆ కోరిక కలగకపోతేనే ఆశ్చర్యం. కాని కోరిక నిజమైనంత మాత్రాన ప్రణాళిక నిజం కాదు. ఏ సరుకు, ఏ దశలో విలువ పెరుగుతుంది, ఇప్పుడు ఆ లాభం ఎవరికి పోతోంది, దాన్ని ఇక్కడ నిలపడానికి మీకు తెలియనిది ఏమిటి అని అడుగుతూ పోవాలి. మన జీడి యువకుడి విషయమే చూడండి. జీడి తొక్కలో ఉండే నూనె రంగుల తయారీలోనూ వాహనాల బ్రేకు లైనింగుల్లోనూ వాడే పారిశ్రామిక ముడిసరుకు. తన పరిశ్రమ తొక్కను కారుచౌకగా అమ్ముకుంటోందని గమనించి, నాలుగు పరిశ్రమల తొక్కను కలిపి నూనె తీసే యూనిట్ పెట్టాలంటే పెట్టుబడి సమీకరణ, పారిశ్రామిక కొనుగోలుదారులతో దీర్ఘకాలిక ఒప్పందాలు అనే రెండు విషయాలు తనకు తెలియవని అతను రాస్తే, ఎంబీఏ ఎందుకన్న ప్రశ్నకు జవాబు దానంతటదే వస్తుంది. ఈ స్కూలే ఎందుకన్న ప్రశ్నకు బ్రోచరులోని కోర్సుల పేర్లు, ప్రొఫెసర్ల పేర్లు ఎత్తి రాయడం వృథా. ఆ స్కూలులో చదివిన ఇద్దరితో మాట్లాడి, మీకు లోటుగా ఉన్న ఆ రెండు విషయాలు అక్కడ ఎలా నేర్పుతారో అడిగి తెలుసుకున్నది రాయండి.

మార్కులు తగ్గిన ఏడాది, ఉద్యోగం లేని నెలలు ఉంటే వాటికి సాధారణంగా విడిగా చోటు ఇస్తారు. అక్కడ చెప్పవలసింది కొద్ది వాక్యాల్లో చెప్పాలి. ఉద్దానం ప్రాంతంలో ఇంట్లో ఒకరు కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు తిరుగుతుంటే చదువు కుంటుపడటం ఎందరికో అనుభవం. ఏ నెల నుంచి ఏ నెల వరకు, మీ మీద పడిన పని ఏమిటి, ఆ తరువాత మార్కులో పనితీరో ఎలా తిరిగి నిలదొక్కుకున్నాయి అన్నవి తేదీలతో రాయండి. బాధను వర్ణించవద్దు, తేదీలే ఆ బరువును తెలియజేస్తాయి. అలాంటి కారణం లేకుండా కేవలం అశ్రద్ధ వల్ల మార్కులు పోతే, పోయాయని ఒప్పుకోండి. లేని కారణం కల్పించినవారిని ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నే పట్టుకుంటుంది, పైగా చాలా స్కూళ్లు చేరే ముందు వివరాలన్నిటినీ తనిఖీ చేయిస్తాయి.

సిఫారసు లేఖలు రాసేవారికి మీ వ్యాసం చూపించి అందులోని సంగతినే మళ్లీ రాయమనకండి. వారు స్వయంగా చూసిన మరో సంగతిని గుర్తుచేస్తే చాలు.

కాలం విషయంలో ముందుచూపు కావాలి. అమెరికా స్కూళ్లలో పెద్దవాటికి తొలి విడత గడువు ఎక్కువగా సెప్టెంబరులో, రెండో విడత గడువు జనవరి మొదటి రోజుల్లో పడుతుంది. అంటే ఒకటి వినాయక చవితి రోజులకు, మరొకటి సంక్రాంతి ముంగిటకు వస్తుంది. సంక్రాంతికి మన జిల్లాల్లో వలస వెళ్లినవారంతా ఇళ్లకు చేరుతారు, ఆ సందడిలో ఎవరికీ రాత సాగదు, సాగాలని కోరుకోవడం కూడా భావ్యం కాదు. గడువుకు రెండున్నర నెలల ముందు తెలుగులో చెప్పడం, రెండు నెలల ముందు తొలి ఇంగ్లీషు ప్రతి, ఆ తరువాత ఒక వారం దాన్ని ముట్టుకోకుండా ఉండటం, ఆపై తిరగరాయడం అన్నది నేను చూసినంతలో బాగా కుదిరిన క్రమం. ఇద్దరికి చదవనివ్వండి: మీ పని తెలిసినవారు ఒకరు, బొత్తిగా తెలియనివారు ఒకరు. అయిదుగురికి ఇస్తే అయిదు గొంతులు కలిసి మీ గొంతు పోతుంది.

డబ్బు తీసుకుని మొత్తం వ్యాసం రాసిపెడతామనేవారి దగ్గరికి దయచేసి వెళ్లవద్దు. దరఖాస్తు చివర ఇది నా సొంత రాత అని మీరు ధ్రువీకరించవలసి ఉంటుంది, ఆ మాట తప్పితే ఇచ్చిన సీటును కూడా వెనక్కు తీసుకునే అధికారం స్కూలుకు ఉంటుంది. కృత్రిమ మేధ ఉపకరణాల విషయంలో ఒక్కో స్కూలు నియమం ఒక్కో విధంగా ఉంది. దరఖాస్తులో అది ఉన్న చోటు వెతికి చదివి, దానికి కట్టుబడండి. నియమం అనుమతించినా, తొలి ప్రతిని మాత్రం యంత్రానికి అప్పగించకండి. మీ అప్ప అడిగిన ప్రశ్నలు దానికి తెలియవు.

దరఖాస్తు పంపించాక ఆ తెలుగు రికార్డును, దాని కింద మీరు రాసుకున్న కాగితాన్ని చెరిపేయవద్దు. ఇంటర్వ్యూ చేసేవారు తరచుగా వ్యాసంలోని ఒక వాక్యాన్ని పట్టుకుని దాని వెనక్కు వెళ్తారు: 43 అని ఎలా తేల్చారు, తూకం ఎవరు వేశారు, మిగిలిన ముగ్గురు ఎందుకు విడిపోలేదు? మాటల పరిమితి వల్ల వ్యాసంలో చోటు దొరకని ఆ వివరాలన్నీ మీరు అప్పకు చెప్పిన రికార్డులో ఉంటాయి. ఇంటర్వ్యూ ముందురోజు రాత్రి ఇంగ్లీషు వ్యాసాన్ని బట్టీ పట్టే బదులు ఆ రికార్డును ఒకసారి మొదటి నుంచి చివరిదాకా వినండి.